వెండి కలిపిన కవరు: సీతాఫలానికి సరే, కందిచేనుకు?

దసరా దగ్గరపడితే కొడంగల్ చుట్టుపక్కల రోడ్ల మీద సీతాఫలం గంపలు దిగుతాయి. తండాల ఆడవాళ్లు తెల్లవారకముందే గుట్టలెక్కి, కండ్లు విచ్చిన కాయలు చూసి కోసుకొస్తారు. గంప అడుగున సీతాఫలం ఆకు పరుస్తారు. దాని మీద ఒక వరస కాయలు, మళ్లీ ఆకు, మళ్లీ కాయలు. ఆకు ఎందుకని అడిగితే, "ఆకు లేకుంటె కాయ ఉడుకుతది సారూ" అంటారు. అంతకంటే మంచి ప్యాకేజింగ్ పాఠం నేను ఏ పుస్తకంలోనూ చదవలేదు. కోసిన కాయ ఊపిరి తీసుకుంటూనే ఉంటుంది, వేడి వదులుతుంది, ఎథిలీన్ వాయువు వదులుతుంది. ఆ వేడికీ గాలికీ దారి లేకపోతే కాయ మగ్గదు, ఉడికి పాడవుతుంది.

ఈ పండుతో వచ్చే చిక్కు అందరికీ తెలిసిందే. ఇవాళ గట్టిగా ఉన్న కాయ మూడో రోజుకు మెత్తబడుతుంది, అయిదో రోజుకు పగిలి ఈగల పాలవుతుంది. పోనీ చల్లగా దాచుదామంటే పన్నెండు, పదిహేను డిగ్రీల కిందికి పోగానే తొక్క నల్లబడుతుంది. బాలానగర్ రకం సీతాఫలం పేరు దేశమంతా తెలుసు, ఆ పేరు పాలమూరు (మహబూబ్‌నగర్) జిల్లాలోని ఊరిది. ఇప్పుడు వికారాబాద్ జిల్లాలో ఉన్న కొడంగల్ కూడా 2016 దాకా ఆ పాలమూరు జిల్లాలోదే. ఇంత పేరున్న కాయ హైదరాబాద్ దాటి దూరం పోవాలంటే నాలుగు రోజుల గండం గట్టెక్కాలి.

సరిగ్గా ఈ నాలుగు రోజుల కోసమే ప్రయోగశాలల్లో ఒక కవరు తయారవుతోంది. నేలలో కలిసిపోయే పాలిమర్‌తో పలుచటి ఫిల్ము, అందులో మొక్కల కషాయంతో చేసిన వెండి నానో కణాలు. సూక్ష్మజీవులను వెండి చంపుతుంది, వాడేశాక కవరును నేల తినేస్తుంది, ప్లాస్టిక్ బెడద తీరుతుంది అని చెబుతారు. గంపలో పరిచే ఆ సీతాఫలం ఆకునే ఉడకబెట్టి వెండి కణాలు చేసినవాళ్లున్నారు, తొక్కతో చేసినవాళ్లూ ఉన్నారు. తమిళనాడు పరిశోధకులు ఈ రెంటి మీదా 2012లోనే పత్రాలు అచ్చువేశారు. మన దగ్గర జరిగిన పని కూడా తక్కువేమీ కాదు. ఇరవై ఏళ్లుగా పోగుపడిన ఈ పనిలో ఏది నిలిచింది, ఏది ఇంకా మాటల్లోనే ఉంది అన్నది ఒకసారి కూర్చుని చూసుకోవాల్సిన సమయం వచ్చింది.

ముందు తయారీ సంగతి. పది గ్రాముల ఆకు కడిగి, తరిగి, నూరు మిల్లీలీటర్ల డిస్టిల్డ్ నీళ్లలో మరగబెట్టి వడగడతారు. అంటే కషాయమే. సిల్వర్ నైట్రేట్ ద్రావణంలో దాన్ని కొంచెం పోస్తారు. లీటరు నీటికి సుమారు 170 మిల్లీగ్రాముల సిల్వర్ నైట్రేట్ పడుతుంది, అందులో వెండి 108 మిల్లీగ్రాములు. కాసేపట్లో నీళ్ల రంగు లేత పసుపు నుంచి బెల్లం పాకం రంగులోకి తిరుగుతుంది. ఆకులోని పాలీఫినాళ్లు, ఫ్లేవనాయిడ్లు వెండి అయాన్లకు ఎలక్ట్రాన్లు ఇచ్చి లోహపు కణాలుగా మారుస్తాయి, ఆ కణాలు ఒకదానికొకటి అంటుకోకుండా చుట్టూ పొరలా పట్టుకుంటాయి కూడా. వెండి తెల్లగా కదా ఉండాలి, గోధుమరంగు ఎక్కడిదంటే, అంత చిన్న కణాలు 400 నుంచి 450 నానోమీటర్ల మధ్య నీలి వెలుగును మింగేస్తాయి, మిగిలిన వెలుగే మన కంటికి చేరుతుంది. నమ్మకం కుదరకపోతే ఓటేసి వచ్చిన రోజు మీ చూపుడువేలు చూసుకోండి. మైసూరులో తయారయ్యే ఎన్నికల సిరాలో ఉండేది ఈ సిల్వర్ నైట్రేటే. చర్మంతో, వెలుతురుతో కలిసి అది కూడా ఇలాగే నల్లబడుతుంది.

తర్వాత ఫిల్ము. పాలీ వినైల్ ఆల్కహాల్, పిండిపదార్థం, రొయ్య పెంకుల నుంచి తీసే కైటోసాన్, జెలటిన్, సెల్యులోజ్... వీటిలో ఒకదాన్ని తగిన ద్రావణంలో కరిగించి, పెళుసు కాకుండా కాస్త గ్లిజరిన్ చేర్చి, వెండి ద్రావణం కలిపి పళ్లెంలో పోసి ఆరబెడతారు. ఆరాక పెసర అట్టులా అంచు పట్టి లేపితే పొర ఊడివస్తుంది. ప్రయోగశాలలో జరిగేది ఇంతే. ఫ్యాక్టరీలో ఫిల్ము ఇలా తయారుకాదు. అక్కడ గుళికలను కరిగించి గాలి బుడగలా ఊదుతారు, నూటయాభై డిగ్రీలు దాటిన వేడిలో. పళ్లెంలో ఆరబెట్టిన పొరకు వచ్చిన ఫలితం ఆ వేడి తర్వాత కూడా నిలుస్తుందా అన్న ప్రశ్నకు చాలా పత్రాల్లో జవాబు ఉండదు, ఎందుకంటే ఎవరూ ఆ ప్రశ్న వేసుకోలేదు.

మొక్కలతో వెండి కణాలన్న ఆలోచన మన దేశంలో పుణె జాతీయ రసాయన ప్రయోగశాల నుంచి గట్టిగా పుంజుకుంది. మురళీ శాస్త్రి బృందం 2004లో వేపాకు కషాయంతో వెండి, బంగారు కణాలు చేసి చూపింది. తిరుపతి ఎస్వీ వ్యవసాయ కళాశాల నుంచి ప్రసాద్, ఎలుమలై 2011లో మునగాకుతో చేశారు. హైదరాబాద్‌లోని భారతీయ రసాయన సాంకేతిక సంస్థ (ఐఐసీటీ)లో చిత్తరంజన్ పాత్ర బృందం 2015లో మోదుగాకుతో చేసింది. అయితే వాళ్ల ఉద్దేశం పండ్ల కవరు కాదు, క్యాన్సర్ చికిత్స. నాకు వీటన్నిటిలో ఎక్కువ నచ్చిన పని 2010 నాటిది. హైదరాబాద్‌లో భాభా అణు పరిశోధనా కేంద్రం కింద పనిచేసే నేషనల్ సెంటర్ ఫర్ కంపోజిషనల్ క్యారెక్టరైజేషన్ ఆఫ్ మెటీరియల్స్‌లో అరుణ జ్యోతి కోర, అరుణాచలం, ఉస్మానియా బయోకెమిస్ట్రీ విభాగం నుంచి శశిధర్ కలిసి, కొండగోగు బంకతో వెండి కణాలు చేశారు. తర్వాత అదే బాటలో తిరుమాను బంక, అండుగు బంక వచ్చాయి. గిరిజనులు చెట్టు నుంచి గీరి తెచ్చి సహకార సంస్థకు అమ్మే బంకలే ఇవన్నీ.

కొండగోగు ప్రత్యేకత ఏమిటంటే, బంక తానే పాలిమర్. వెండిని కణంగా మార్చేదీ అదే, కణాలను పట్టి ఉంచేదీ అదే, ఎండితే పొరగా మారేదీ అదే. ఆకు ఒకచోటి నుంచి, పాలిమర్ ఇంకోచోటి నుంచి తెచ్చి కలపాల్సిన పని లేదు.

ఫిల్ముల విషయంలో అనంతపురం శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయాన్ని తప్పక చెప్పుకోవాలి. మోహన రాజు ప్రయోగశాల నుంచి విమల, వరప్రసాద్ మొదలైనవారు 2010లో వెండి ఇమిడిన, సన్న రంధ్రాలున్న కైటోసాన్ ఫిల్ములు చేశారు. మరుసటి ఏడు కైటోసాన్, పాలీ వినైల్ ఆల్కహాల్, వెండి, వీటికి తోడు పసుపులోని కుర్‌కుమిన్ కలిపి చేశారు. అదే విశ్వవిద్యాలయంలో పాలిమర్ శాస్త్రం చెప్పిన వరద రాజులు, తమిళనాడు కలశలింగం విశ్వవిద్యాలయ బృందంతో కలిసి ఇంకో దారి పట్టారు. పత్తి సెల్యులోజ్‌ను బాగా చల్లబరిచిన క్షార, యూరియా ద్రావణంలో కరిగించి తడి పొర చేస్తారు. ఆ పొరను ఆకు కషాయంలో నానబెట్టి, తర్వాత సిల్వర్ నైట్రేట్‌లో ముంచుతారు. కణాలు బయట తయారై లోపలికి రావు, పొర లోపలే పుడతాయి. 2017లో మెట్టతామర ఆకుతో ఇలా చేశారు, తులసితోనూ చేశారు. కణాలు ముద్దకట్టకుండా పొరంతా సమంగా పరుచుకోవాలంటే ఇది తెలివైన పద్ధతి. పత్తి పండే మన నేలకు సరిపడే పద్ధతి కూడా.

ఇక్కడిదాకా మెచ్చుకోలే. ఆ తర్వాత ఏమైందంటే, ఆకుల జాబితా మొదలైంది. వేప అయింది, తులసి అయింది, తిప్పతీగ, ఉమ్మెత్త, బొప్పాయి, తంగేడు, చివరికి పెరట్లో ఉన్న ప్రతి మొక్కా అయింది. వికారాబాద్ అనంతగిరి గుట్టల్లో ఎన్ని ఔషధ మొక్కలున్నాయో అన్ని పత్రాలకు ముడిసరుకు ఉన్నట్టే. ఆకు మారితే పత్రం మారుతుంది, గ్రాఫులు అవే, వాక్యాలు కూడా దాదాపు అవే. ఏ ఆకులో ఏ రసాయనం ఎంత ఉంది, వానాకాలం ఆకుకూ ఎండాకాలం ఆకుకూ కణం సైజు ఎంత మారుతుంది, వందసార్లు చేస్తే తొంభైసార్లు ఒకే ఫలితం వస్తుందా? ఫ్యాక్టరీ పెట్టేవాడికి కావాల్సింది ఈ లెక్కలు. అవి చెప్పేవాళ్లు చాలా తక్కువ.

'పచ్చటి' తయారీ అన్న పేరు మీద కూడా కొంచెం ఆగాలి. మొక్క ఇక్కడ వెండిని పుట్టించడంలేదు. వెండిని నత్రికామ్లంలో కరిగిస్తే సిల్వర్ నైట్రేట్ వస్తుంది, మొక్క చేసేది దాన్ని తిరిగి లోహంగా మార్చడం. ఇంతకుముందు ఆ పనికి వాడిన సోడియం బోరోహైడ్రైడ్ లాంటి ఘాటు రసాయనాలు తప్పాయి, అది నిజంగా లాభమే. కాని గని నుంచి నైట్రేట్ దాకా జరిగిన కథంతా అలాగే ఉంది. మనవాళ్లు అల్యూమినియం గిన్నెను సిల్వర్ గిన్నె అంటారు, మల్చింగ్ షీటుకు వెండి రంగుంటే సిల్వర్ షీటు అంటారు. ఆ రెంటిలోనూ వెండి లేదు. ఈ కవరులో మాత్రం నిజంగానే వెండి ఉంది. నూటికి ఒక పాలు కలిపారనుకుంటే కిలో ఫిల్ములో పది గ్రాములు, అంటే బజారు లెక్కన తులం. కిలో వెండి లక్ష రూపాయలు దాటిన రోజుల్లో కిలోకు తులం వెండి పట్టే కవరు సీతాఫలానికి ఎవరు కట్టుకుంటారో ఆలోచించండి.

సరే, కవరు పనిచేస్తుందా? చేస్తుంది. వెండి కణాలు కొద్దిపాళ్లలో సమంగా పరుచుకుంటే పొర బలం పెరుగుతుంది, అతినీలలోహిత కిరణాలను కొంత అడ్డుకుంటుంది. మోతాదు మించితే కణాలు ముద్దకట్టి పొర పెళుసవుతుంది. ఇక సూక్ష్మజీవుల సంగతికొస్తే, ప్రతి పత్రంలోనూ ఒక ఫోటో ఉంటుంది. అగార్ పళ్లెం నిండా బ్యాక్టీరియా, మధ్యలో గుండ్రంగా కత్తిరించిన ఫిల్ము ముక్క, దాని చుట్టూ ఏమీ పెరగని తేటైన వలయం. వలయం ఎంత వెడల్పైతే ఫిల్ము అంత గొప్పదని రాస్తారు. నేను ఈ ఫోటోలను ఇంకోలా చదువుతాను. ముక్కకు అరంగుళం దూరంలో ఉన్న బ్యాక్టీరియా చచ్చిందంటే, వెండి ఆ ముక్కను వదిలి అంతదూరం నడిచి వెళ్లినట్టు. పళ్లెంలో అగార్ ఉన్నచోట రేపు పండు ఉంటుంది, పన్నీరు ఉంటుంది, మాంసం ఉంటుంది. వలయం పెద్దదవుతున్నకొద్దీ మన తిండిలోకి దిగే వెండి కూడా పెరుగుతుంది. ఒకే ఫోటో విజయానికీ ఫిర్యాదుకూ సాక్ష్యం.

ఎంత దిగితే ఎక్కువ? దీనికి లెక్క ఉంది, చేతివేళ్ల మీద వేయొచ్చు. 50 మైక్రాన్ల మందం, పది సెంటీమీటర్లు పది సెంటీమీటర్ల ముక్క తీసుకోండి. బరువు దాదాపు 0.6 గ్రాములు. నూటికి ఒక పాలు వెండి అంటే 6 మిల్లీగ్రాములు. ఐరోపా లెక్కల్లో కిలో ఆహారానికి ఇలాంటి ముక్కలు ఆరు తగులుతాయని అనుకుంటారు. అంటే 36 మిల్లీగ్రాముల వెండి కిలో తిండిని చుట్టుకుని ఉంటుంది. ఆహారాన్ని తాకే ప్లాస్టిక్ నుంచి దిగే వెండికి అక్కడ పెట్టిన హద్దు కిలోకు 0.05 మిల్లీగ్రాములు. కవరులో ఉన్నదాంట్లో వెయ్యింట దాదాపు 1.4 పాళ్లకు మించి కదలకూడదన్నమాట. మన తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500 ఒప్పుకునేది కూడా లీటరుకు 0.1 మిల్లీగ్రామే.

2021లో ఐరోపా ఆహార భద్రతా సంస్థ ఈ విషయం మీద ఒక అభిప్రాయం ఇచ్చింది. ప్లాస్టిక్‌లో 0.025 శాతం దాకా వెండి నానో కణాలుంటే ఆందోళన అక్కర్లేదంది. ఈ రంగంలో పనిచేసేవాళ్లు ఆ మాటను తరచూ ఎత్తి చూపుతారు. దాని పక్కనే ఉన్న షరతును మాత్రం చదవరు. నీటి తేమ ఉన్న ఆహారం తగిలితే ఉబ్బని ప్లాస్టిక్‌లకే, అంటే పాలీఓలిఫిన్లు, పాలియెస్టర్లు, స్టైరీన్ జాతివాటికే ఆ మాట వర్తిస్తుంది. నేలలో కలిసే మన ఫిల్ములు, అవే పిండిపదార్థం, జెలటిన్, కైటోసాన్, పాలీ వినైల్ ఆల్కహాల్, అన్నీ నీళ్లు తగలగానే ఉబ్బేవే. ఉబ్బడం వల్లే వీటిలో చాలావరకు నేలలో త్వరగా విరుగుతాయి, ఆ ఉబ్బడం వల్లే వాటికి ఆ భరోసా చెల్లదు. పైగా పరిశోధనల్లో వాడే మోతాదు తరచూ ఆ హద్దుకు ఎన్నో రెట్లు పైనే ఉంటుంది.

మన దేశంలో ఆహార ప్యాకేజింగ్‌కు 2018 నాటి నిబంధనలున్నాయి. నానో సరుకులను ఎలా పరీక్షించాలో చెప్పే మార్గదర్శకాలు 2020 జులైలో కేంద్ర బయోటెక్నాలజీ విభాగం విడుదల చేసింది. దారి ఉంది. ఆ దారిలో నడిచి పరీక్షలు దాటి, మార్కెట్లో పండ్ల మీద కూర్చున్న మొక్క వెండి కవరు మాత్రం నా కంటపడలేదు.

ఇప్పుడు 'నేలలో కలిసే' అన్న రెండో సగానికి వద్దాం. 2022 జులై 1 నుంచి ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ వస్తువులు కొన్నింటిని కేంద్రం నిషేధించింది. ఆ ఏడాది చివరి నుంచి చేతిసంచి మందం 120 మైక్రాన్లు ఉండాలంది. కంపోస్టయ్యే సంచులకు ఈ మందం నియమం లేదు, అందుకే అందరి చూపూ అటు తిరిగింది. 2021 ఆగస్టులో తిరుమల లడ్డూలకు మొక్కజొన్న పిండిపదార్థంతో చేసిన సంచులు వచ్చాయి. ఆ పరిజ్ఞానం హైదరాబాద్‌లోని డీఆర్‌డీఓ ప్రయోగశాలది. ఇవి తొంభై రోజుల్లో నేలలో కలుస్తాయని చెప్పారు.

ఏ నేలలో, ఎంత వేడిలో అన్నది అడగాలి. కంపోస్టయ్యే ప్లాస్టిక్‌కు అంతర్జాతీయ పరీక్ష 58 డిగ్రీల దగ్గర జరుగుతుంది, ఆర్నెల్లలో తొంభై శాతం కార్బన్ డయాక్సైడ్‌గా మారాలి. ఆ వేడి పెద్ద కంపోస్టు ప్లాంటులో ఉంటుంది. పల్లె ప్రగతి పథకం కింద మన గ్రామాలకు కట్టిన కంపోస్టు షెడ్డుల్లో ఆ వేడి నిలబెట్టాలంటే కుప్పను తిరగేస్తూ, తడుపుతూ కూర్చోవాలి. ఎన్ని షెడ్డుల్లో ఆ పని జరుగుతోందో ఊళ్లో ఉన్నవాళ్లకు నేను చెప్పక్కర్లేదు. పాలీ లాక్టిక్ యాసిడ్ కవరును కొడంగల్ పొలంగట్టు మీద పారేస్తే ఏళ్ల తరబడి అలాగే పడి ఉంటుంది. పిండిపదార్థం, సెల్యులోజ్ మాత్రం మామూలు నేలలో కూడా నిజంగా కుళ్లుతాయి. ఒకే పేరు కింద ఇన్ని రకాలను కలిపి అమ్మడం కొనేవాణ్ణి మోసం చేయడమే.

అసలు తిరకాసు ఈ రెండు సగాలు కలిసినచోట ఉంది. ఫిల్మును కుళ్లబెట్టేది ఎవరు? సూక్ష్మజీవులు. వెండిని కలిపింది ఎందుకు? సూక్ష్మజీవులను చంపడానికి. విందుకు పిలిచి విస్తట్లో విషం వడ్డించినట్టుంది. నేలలో ఫిల్మును పాతిపెట్టి బరువు ఎంత తగ్గిందో చూసిన పరిశోధనలున్నాయి. వెండి ఎక్కువైనకొద్దీ కుళ్లడం నెమ్మదించినట్టు కొన్ని చెబుతాయి, తేడా పెద్దగా లేదని మరికొన్ని చెబుతాయి. పాలిమర్ రకం, మోతాదు, నేల, అన్నీ వేరువేరు కాబట్టి రెండూ నిజమే కావచ్చు. కాని ఒక్క విషయంలో వాదం లేదు. పాలిమర్ కుళ్లి పోతుంది, వెండి పోదు. అది మూలకం. కార్బన్ గాలిలో కలుస్తుంది, వెండి నేలలో మిగులుతుంది.

కంపోస్టయ్యే ప్లాస్టిక్‌కు ఐరోపా ప్రమాణం ఈఎన్ 13432లో భార లోహాల పట్టిక ఉంది. జింక్, రాగి, నికెల్, సీసం, పాదరసం, కాడ్మియం, క్రోమియం, ఆర్సెనిక్... ఒక్కోదానికి ఒక్కో హద్దు. ఆ పట్టికలో వెండి లేదు. పట్టిక రాసేనాటికి కవరులో వెండి కలుపుతారని ఎవరూ ఊహించి ఉండరు. అలా ఒక లోహం తలుపు చాటునుంచి లోపలికి వస్తోంది.

కొడంగల్ పక్కనే ఉన్న తాండూరు నేల గురించి ఇక్కడ మాట్లాడకపోతే ఈ వ్యాసం రాయడం దండగ. నాపరాయి పొరల మీద ఏర్పడిన సున్నపు నేలలివి. ఇక్కడి కందికి 2022 డిసెంబరులో భౌగోళిక గుర్తింపు వచ్చింది. యాలాల రైతుల ఉత్పత్తిదారుల కంపెనీ పేరు మీద ఆ దరఖాస్తు వెళ్లింది. కంది మొక్కను వేళ్లతో సహా పీకి చూడండి. సన్న వేళ్ల మీద ఆవగింజంత, జొన్నగింజంత బుడిపెలుంటాయి. గోటితో నొక్కితే లోపల లేత ఎరుపు. ఎర్రగా ఉందంటే రైజోబియం బ్యాక్టీరియా గాలిలో నత్రజని పట్టి మొక్కకు ఇస్తోందని గుర్తు. యూరియా పెద్దగా వేయకుండానే కంది పండుతోందంటే ఆ బుడిపెల పుణ్యమే. వాటిలో ఉన్నది బ్యాక్టీరియా, అది మనకు శత్రువో మిత్రమో వెండికి తెలియదు.

ఈజిప్టు పరిశోధకులు 2016లో బాకలా చిక్కుడు మీద వెండి నానో కణాలను పరీక్షించి, బుడిపెలు ఏర్పడటం, పనిచేయడం దెబ్బతిన్నాయని రాశారు. అది కంది కాదు, ఇది ఈజిప్టు కాదు. నేలలో గంధకం దొరికితే వెండి సిల్వర్ సల్ఫైడ్‌గా మారి దాదాపు కరగని రాయవుతుంది, అప్పుడు దాని కోర ఊడినట్టే. కాబట్టి భయపెట్టడం నా ఉద్దేశం కాదు, లెక్క చూపడం. ఎకరానికి పైమట్టి అరడుగు లోతున దాదాపు 850 టన్నులు. ఒక శాతం వెండి ఉన్న కవర్లు పది కిలోలు కంపోస్టులో కలిసి ఆ ఎకరంలో పడితే వంద గ్రాముల వెండి, అంటే కిలో మట్టికి 0.12 మిల్లీగ్రాములు. మామూలు నేలల్లో సహజంగా ఉండే వెండి 0.1 మిల్లీగ్రాము ప్రాంతంలో ఉంటుంది. ఒక్కసారికే రెట్టింపు. మరుసటి ఏడు మళ్లీ కలిపితే మళ్లీ పెరుగుతుంది, తగ్గే దారి లేదు. ఎంత పెరిగితే బుడిపె ఆగుతుందో ఈ నేలలో చూసినవాళ్లు కావాలి.

అయితే ఈ కవరు ఎవరికి పనికొస్తుంది? కందిపప్పుకు కాదు. తాండూరు పప్పు మిల్లుల బాధ బ్యాక్టీరియా కాదు, తేమ, పుచ్చు పురుగు. వెండి పురుగును ఆపదు. గాలి చొరని మూడు పొరల సంచి ఆపుతుంది, అది ఇప్పటికే దొరుకుతోంది.

సీతాఫలానికి? ఇక్కడ వెండికి ఒక మంచి సుగుణం ఉంది. వెండి అయాన్లు మొక్క కణంలో ఎథిలీన్ పనిని అడ్డుకుంటాయని 1976లోనే తేలింది. పాలీహౌస్ కార్నేషన్ పూలు ఎక్కువ రోజులు నిలవడానికి వాడే సిల్వర్ థయోసల్ఫేట్ కథ అదే. కాని పండు మగ్గడం ఆగాలంటే అయాన్ పండు లోపలికి పోవాలి. అంటే మళ్లీ వెండి కవరు నుంచి తిండిలోకి దిగడమే, మళ్లీ ఆ 0.05 మిల్లీగ్రాముల గోడే. సీతాఫలం తొక్క తినం కదా అనొచ్చు. నిజమే, గుజ్జులోకి తక్కువే దిగుతుంది. తొక్క మాత్రం మేకకు పోతుంది, లేదా పెంటకుప్పకు పోతుంది. ఇంతకూ ఈ కాయకు కావాల్సింది గంపలో ఆకు చేస్తున్న పనే, తేమ పట్టి ఉంచడం, గాలి ఆడనివ్వడం. ఆక్సిజన్ ఎంత దూరనివ్వాలో లెక్కగట్టిన సెల్యులోజ్ పొర, అందులో ఎథిలీన్ పీల్చే పదార్థం చాలు. గాలి ఆడని వెండి కవరులో పెడితే కాయ కుళ్లకపోవచ్చు, కల్లు వాసన కొడుతుంది.

మద్రాసు విశ్వవిద్యాలయం వాళ్లు 2009లో సోడియం ఆల్జినేట్‌లో వెండి కణాలు కలిపి క్యారెట్, పియర్ పండ్ల మీద పూత వేసి, అవి ఎక్కువ రోజులు నిలిచినట్టు చూపారు. ఆ కణాలను చేసింది ఆకు కాదు, ట్రైకోడెర్మా విరిడి అనే బూజు. ఈ పేరు తాండూరు కంది రైతుకు కొత్తకాదు. ఎండు తెగులుకు పశువుల ఎరువులో కలిపి వేసే మందు అదే. అక్కడ ఆ బూజు వెండిని చేసిపెట్టింది, ఇక్కడ నేలలో వెండి దాన్ని ఏం చేస్తుందన్నది ఇంకో ప్రశ్న.

నాకు ఈ ఫిల్ముల అసలు చోటు ఆసుపత్రి అనిపిస్తుంది. కాలిన పుండ్లకు సిల్వర్ సల్ఫాడయజిన్ మలాం 1968 నుంచి వాడుకలో ఉంది, మన ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లోనూ కనిపిస్తుంది. పుండు మీద వెండి బయటికి రావాలి, అక్కడ వలయం పెద్దదైతే మంచిదే. అనంతపురం కైటోసాన్ ఫిల్ములు, పసుపు కలిపిన ఫిల్ములు ఆ దిక్కుగానే చేసినవి. వాడిన కట్టు ఆసుపత్రి వ్యర్థంగా కాల్చేస్తారు, పొలానికి రాదు. తులం వెండి ఖర్చు కూడా అక్కడ బరువనిపించదు. ఏ లోపాలు పండు మీద దోషాలో అవే పుండు మీద గుణాలు. ఈ తేడా గుర్తించకుండా ప్రతి పత్రం చివరా "ఆహార ప్యాకేజింగ్‌కు, వైద్యానికి పనికొస్తుంది" అని ఒకే గాటన కట్టేయడం ఈ రంగంలో పెద్ద అలసత్వం.

కొండగోగు వెండి పత్రం రాసిన అరుణ జ్యోతి కోర 2019లో ఇంకో పత్రం రాశారు. మన దేశంలో అన్నం తినే ఆకులు, తిండి చుట్టే ఆకులు ఎన్ని, ఏవి ఎక్కడ వాడతారు అని ఓపికగా కూర్చిన సమీక్ష అది. వెండి నానో కణాల మీద ఏళ్ల తరబడి పనిచేసిన మనిషి విస్తరాకు దగ్గరికి రావడం నాకు చాలా ఆసక్తిగా అనిపించింది. మోదుగాకు విస్తరి ఈనెపుల్లలతో కుట్టి, తిని, పెంటకుప్ప మీద పడేస్తే ఎరువవుతుంది. దానికి 58 డిగ్రీలు అక్కర్లేదు, సర్టిఫికెట్ అక్కర్లేదు. కొండగోగు బంకను వెండి లేకుండా పొరగా పోసి, దాని మీద సీతాఫలం ఎన్ని రోజులు ఆగుతుందో చూసే పని ఎవరైనా చేస్తే, ఇంకో యాభై ఆకుల పత్రాలకంటే అది విలువైనది.

వెండి కవరు మీద నమ్మకం పోనివాళ్లకు ఒక విన్నపం. తాండూరులో వ్యవసాయ విశ్వవిద్యాలయానికి పరిశోధనా కేంద్రం ఉంది. కంది రకాలు తీసిన కేంద్రం అది, కంది గురించి దానికి ఒకరు చెప్పాల్సింది లేదు. అనంతపురం నుంచో హైదరాబాద్ నుంచో నాలుగు మోతాదుల వెండి ఫిల్ములు, వెండి లేని ఫిల్ము ఒకటి తెచ్చి, ఈ నేల నింపిన కుండీల్లో పాతండి. జూన్, జులైలో వానపడగానే కంది వేయండి. నెలా పదిహేను రోజులకు మొక్కలు పీకి బుడిపెలు లెక్కపెట్టండి, కోసి లోపల ఎరుపు ఉందో లేదో చూడండి. మూడేళ్లు అవే కుండీల్లో మళ్లీ మళ్లీ వేయండి. కావాల్సింది కుండీలు, ఒక తరాజు, ఓపిక ఉన్న ఒక పరిశోధక విద్యార్థి. ఆ అంకెలు వచ్చాకే కొడంగల్ గంపలో ఆకు తీసి ఫిల్ము పరిచే మాట ఎత్తండి.